ఐదు కిలోల లెక్కలో మూడు కిలోల తేడా

ఆ రోజుల్లో నాకు రెండు నమ్మకాలుండేవి. లోపలికి వెళ్ళిన దాంట్లోంచి ఖర్చయింది తీసేస్తే మిగిలేదే నిల్వ అన్నది ఒకటి. ఆ తీసివేత నేను చేస్తే తప్పు రాదన్నది రెండోది. (రెండోదే గట్టిది.) గుంటూరు శివార్లలోని మిరపకాయల కోల్డ్ స్టోరేజీలో కాటా గుమాస్తాని. వయసు ఇరవై నాలుగేళ్ళు, బరువు ఎనభై నాలుగు కిలోలు. గ్రాముల దగ్గర కూడా రాజీపడనని నన్ను 'దశాంశం' అనేవారు. బస్తాలు దించే ముఠాకి మేస్త్రి ఒకాయన ఉండేవాడు. తూకం కాస్త మొగ్గితే చాలు, "ఏమయ్యో దశాంశం, కాలు గానీ పెట్టావా?" అని అరిచేవాడు. రైతులంతా నవ్వేవారు.

ఆ నవ్వు పడలేక ఒళ్ళు తగ్గించాలనుకున్నాను. ఏ తిండిలో ఎంత శక్తి ఉంటుందో చెప్పే పాత పుస్తకం ఒకటి సంపాదించి, గోంగూర పచ్చడిలో నూనెతో సహా రాసుకోవడం మొదలుపెట్టాను. పోపులో నూనె చెంచాతో కొలవబోతే అమ్మ గరిటె కింద పడేసి, "ఇంక నువ్వే వండుకో నాయనా" అంది. నా లెక్క ప్రకారం నలభై రెండు రోజులకి ఐదు కిలోలు తగ్గాలి. బస్తాల కాటా ఎక్కి చూస్తే రెండే తగ్గాను. మూడు కిలోల తేడా! లెక్క నాలుగుసార్లు తిరగేశాను. తప్పు లేదు. కాబట్టి తప్పు కాటాదే.

సుద్దముక్కతో కాటా మీద 'వాడరాదు' అని రాసి దిగుమతి ఆపేశాను. మార్చి ఎండ. గేటు బయట పదకొండు ట్రాక్టర్లు. పొదిలి నుంచి వచ్చిన రైతు ఒకాయన నా ఐదు కిలోల గొడవ విని, తలగుడ్డ విదిలించి, "ఏందయ్యా ఇది? నువ్వు సన్నబడకపోతే మా కాయలు ఎండలో మాడాలా?" అన్నాడు. ఓనరుగారు ముద్రలున్న తూకపు రాళ్ళు తెప్పించారు. ఇరవై పెడితే ఇరవై, వంద పెడితే వంద. పిసరు తేడా లేదు.

"దొంగచాటుగా తింటన్నాడండీ!" అన్నాడు మేస్త్రి. అంతా గొల్లుమన్నారు. పొదిలి రైతు మాత్రం నవ్వలేదు. "తన తిండికే దొంగలెక్క రాసుకునేవాడు, మా కాయలకి సరైన తూకం రాస్తాడా?" అన్నాడు. ఆ ఒక్క మాటతో తూకాల పుస్తకం నా చేతిలోంచి పోయింది. మర్నాటి నుంచి నాకు ఖాళీ గోతాల లెక్క అప్పగించారు. (అందులోనూ తప్పు రాలేదు. ఎవరూ అడగలేదనుకోండి.)

పాతికేళ్ళు గడిచాక, మొన్నీమధ్య, మెదడు గురించి పరిశోధన చేస్తున్న మా మేనకోడలు భోజనాల దగ్గర ఈ కథ విని, "నువ్వు తిన్నది సరిగ్గానే రాశావు మామయ్యా. ఒంటి ఖర్చు రోజూ ఒకటే అనుకున్నావు చూడు, అక్కడ పోయింది" అంది. మెదడులో నాడీకణాలను అంటిపెట్టుకుని సహాయక కణాలుంటాయట. చాలాకాలం వాటిని ఉత్త జిగురే అనుకున్నారట. రక్తంలో చక్కెర ఎంతుందో, ఒంట్లో కొవ్వు ఎంత మిగిలిందో పసిగట్టి, ఆ కబురు నాడీకణాలకు అందించడంలో వాటికీ చెయ్యి ఉందట. తిండి తగ్గితే మెదడు ఆకలి పెంచుతుంది, ఖర్చు తగ్గిస్తుంది. నా చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. నేను పెన్సిలుతో కుస్తీ పడుతున్నన్నాళ్ళూ, కంటికి ఆనని ఆ కణాలు నా పుర్రెలోనే కూర్చుని నిమిషం నిమిషం తూస్తూ ఉన్నాయన్నమాట!

చెయ్యి కడుక్కుని మేస్త్రికి ఫోన్ చేశాను. "మేస్త్రీ, ఆనాడు నేను దొంగచాటుగా తినలేదు. కారణం ఇప్పుడు తెలిసింది" అని మొత్తం చెప్పాను.

"తినలేదని నాకు అప్పుడే తెలుసయ్యా. నీ క్యారేజీలో అన్నం కన్నా గిన్నె అడుగే ఎక్కువ కనపడేది. ఏదో నవ్వులాటకి అన్నా, అంతే. నీ కాటా పోద్దనుకోలా" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "ఆ రైతు అన్నప్పుడే చెప్పాల్సింది" అన్నాడు.

ఫోన్ పెట్టేశాక ఆ ఇరవై నాలుగేళ్ళవాడే కళ్ళముందు మెదిలాడు. ఒళ్ళు తనని మోసం చేస్తోందని వాడు అలిగాడు. ఒళ్ళేమో వీడెక్కడో కరువులో చిక్కుకున్నాడని బెంగపడి, ఉన్నదాన్ని పొదుపుగా వాడుతూ వాణ్ణి కాపాడుకుంది. వాడు ఎదురైతే పెన్సిలు లాక్కుని, పీట వేసి, కడుపునిండా అన్నం పెట్టాలనిపించి ఒక్కణ్ణే నవ్వుకున్నాను.