మూడో తరగతి లెక్కల మాస్టారు

మా బడిలో లెక్కల మాస్టారికి లెక్కలు రావు. ఈ మాట నేనన్నది కాదు, వరండా గోడకు తగిలించిన పెద్ద తెర అన్నది. ముప్ఫై ఏళ్ళు పాఠం చెప్పిన మనిషి, ట్యాబ్ చేతిలోకి తీసుకుంటే చాలు, ఏడు మూళ్ళు ఇరవై ఎనిమిది అని నొక్కేవారు.

ఆ ఏడాదే బడికి ట్యాబులొచ్చాయి, పిల్లలకీ టీచర్లకీ తలా ఒకటి. "ఎవరికి తగ్గట్టు వాళ్ళకి నేర్పుతుందండీ" అని కంపెనీ మనిషి ఊదరగొట్టాడు. తప్పులు ఎక్కువైనప్పుడల్లా అది ఒక తరగతి మెట్టు దించేది. మూడు మెట్లు దిగితే పేరు ఎర్రబడి తెర మీదికెక్కేది. పిల్లల పేరు మూడు నెలలు ఎర్రగా ఉంటే కింది తరగతికి పంపాలని బడి రూలు పెట్టింది.

మాస్టారి పేరు మొదటి వారంలోనే ఎర్రబడింది. రెండో వారానికి, టీచర్లందరికీ మొదలుపెట్టిన ఎనిమిదో తరగతి నుంచి మూడో తరగతికి జారారు.

"మాస్టారూ, ఇవాళ ఎన్నొచ్చాయి?" అని స్టాఫ్ రూములో అందరూ వినేలా అడిగేదాన్ని.

"పదికి ఒకటి అమ్మాయ్."

"ఆ ఒకటీ ఎలా వచ్చింది?"

"పొరపాటున."

పొట్ట చెక్కలయ్యేలా నవ్వేవాళ్ళం. పిల్లలు ఆయనకు 'మూడో తరగతి మాస్టారు' అని పేరు పెట్టేశారు.

హెడ్మిస్ట్రెస్ మాత్రం నవ్వలేదు. "మీవల్ల బడి సగటు పడిపోతోంది" అంది.

"వయసు మీద పడిందండీ" అన్నారాయన.

తొమ్మిది, పది తరగతులు ఆయన దగ్గర్నుంచి లాగేసి, నిన్నగాక మొన్న చేరినావిడకి ఇచ్చింది. ఆయన్ని వారం రోజుల శిక్షణకు తోలింది. అక్కడ ఆయన పాత విద్యార్థే ఆయనకు కూడికలు నేర్పాడట! తిరిగొచ్చాక మాస్టారు రెండో తరగతికి దిగారు.

ఒక మధ్యాహ్నం సైన్స్ లాబ్‌కి వెళ్తే, మూల బల్ల దగ్గర ఎనిమిదో తరగతి పిల్ల ఒకతె మాస్టారి ట్యాబ్ ముందు పెట్టుకుని వేళ్ళు లెక్కపెడుతోంది. జబ్బు చేసి రెండేళ్ళు మంచం మీదున్న పిల్ల. యంత్రం ఆమె తరగతి చూసి బీజగణితం ఇచ్చింది, ఆమేమో తీసివేతల దగ్గరే తడబడుతోంది.

"నీ ట్యాబ్ ఏదమ్మా?"

"మాస్టారు బీరువాలో పెట్టారు టీచర్. పాడైందని రాశారు."

"నిజంగా పాడైందా?"

"లేదు టీచర్. తెరిస్తే నా పేరు ఎర్రబడుతుందని."

నాకు తల తీసేసినట్టయింది. సరాసరి మాస్టారి దగ్గరికి వెళ్ళాను. "చెప్పొచ్చు కదండీ! ఇన్నాళ్ళూ మిమ్మల్ని అన్ని మాటలన్నాను."

"చెప్తే ఏం చేసేవాళ్ళు? ఆ పిల్లనే తెర మీదికెక్కించేవాళ్ళు." ఆయన కళ్ళజోడు తుడుచుకున్నారు. "మూడో తరగతి దాకా నేనే దించాను. అదీ చాల్లేదు, ఇంకో మెట్టు దించాను. ఇప్పుడు చేసే తప్పులు ఆ పిల్లవి. నన్నెవరూ కింది తరగతికి పంపరు కదమ్మా."

"మీ తరగతులు పోయాయి కదండీ?"

"పోయాయి" అని కళ్ళజోడు పెట్టుకున్నారు.

మర్నాటి నుంచి స్టాఫ్ రూములో నేను మార్కులడగలేదు. మిగిలినవాళ్ళు మానలేదు. నిజం చెబితే పిల్లకే ముప్పని నోరు కుట్టేసుకున్నాను.

ఏడాది చివర ఆ పిల్ల సొంత ట్యాబ్ బీరువాలోంచి బయటికొచ్చింది. పరీక్ష రాసింది, గట్టెక్కింది.

ఆ వారమే మాస్టారు రిటైరయ్యారు. వీడ్కోలు సభకు కంపెనీ మనిషి ఫ్రేము కట్టిన ప్రశంసాపత్రంతో దిగాడు. ఒక్క ఏడాదిలో రెండు నుంచి ఎనిమిదికి, ఆరు తరగతులు ఎగబాకిన అభ్యాసకుడు ఇంకెక్కడా లేడట. తమ యంత్రం ఎలాంటివాళ్ళకైనా నేర్పుతుందనడానికి మాస్టారే సాక్ష్యమట. హెడ్మిస్ట్రెస్ అరచేతులు ఎర్రబడేలా చప్పట్లు కొట్టింది.

"మా ట్యాబ్‌లో మీకు బాగా నచ్చిందేమిటి మాస్టారూ?" అని మైకు అందించాడతను.

మాస్టారు మైకు అందుకున్నారు.

"తన ముందు ఎవరు కూర్చున్నారో దానికి కనపడకపోవడమండీ."

కంపెనీ మనిషి మురిసిపోయి ఆ మాట రాసుకున్నాడు. నాలుగో వరసలో ఆ పిల్ల రెండు చేతులతో నోరు మూసుకుని, భుజాలు కదిలేలా నవ్వుతోంది.