నేను కట్టని ముసుగు

మా మనవరాలు బొమ్మలు మంచిగ గీస్తదని ఇంటిల్లిపాదీ మురుస్తరు. నేను మురవలే. ఈమధ్య అది నన్ను దొంగచూపులు చూస్తుండె. నేను తల తిప్పంగనే టాబ్లెట్ ఒళ్లోకి దించుతుండె.

మా ఇల్లు అరబ్బు దేశంల, హూరా అనే పేటల. ఇంటాయన అరబ్బు. సరుకు కొననీకి హైదరాబాద్ వచ్చి, కరీంనగర్ దిక్కు పిల్లనైన నన్ను నిఖా చేసుకొని ఇక్కడికి తెచ్చిండు. ఇన్నేండ్లయినా పెండ్లిళ్లల్ల కొత్తోళ్లు ఖావా తాగి ఖాళీ కప్పులు నా చేతిలనే పెట్టి పోతరు, పనామె అనుకొని. నా అనుమానం ఉత్తగ పుట్టలే.

పిల్ల గీసేది వాళ్ల తాత వంశపోళ్లను. చిన్నపిల్లల పుస్తకానికట. ముత్యాల కోసం సముద్రంల మునిగిన ముత్తాత, డప్పు కొట్టుకుంట పాడే తాత చిన్నమ్మ. ఒక్కో బొమ్మ కింద అరబ్బీల ఏదో రాస్తది. నేను ముసలితనంల ఫోన్ చూసి నేర్చినయి తెలుగు అక్షరాలు. అవి అక్కడ అక్కరకు రావు. ఏం రాసిందో అని ఇంకింత గుబులు.

మొన్న అది నమాజుకు లేచిపోంగనే టాబ్లెట్ అందుకున్న. అందరూ వరుసగ ఉన్నరు. చివరన ఒకామె, చేతిల పళ్లెం, పళ్లెంల ఖావా కప్పులు. ఒళ్లు మండింది.

పిల్ల వచ్చుడుతోనే అడిగిన. "నన్ను పనిమనిషిని చేసినవానే?"

అది పకపక నవ్వింది. నాతోటి తెలుగే మాట్లాడుతది, నేనే నేర్పిన. "అది తాత చెల్లె, నాయినమ్మా. ఆమె పళ్లెం ఎన్నడన్న కింద పెట్టిందా? నువ్వు గీడున్నవ్."

తాత పక్కన కూసున్న ముసలామెను చూపెట్టింది. మొహానికి బతూలా ఉంది. ఇక్కడి ముసలోళ్లు కట్టే గట్టి ముసుగు అది, కండ్లు కనపడితే గొప్ప.

"ఇది నేనెప్పుడు కట్టిన?"

"కట్టలేదులే. కడితే అందరి నాయినమ్మల లెక్క ఉంటవని..."

"మరి ఇది నేనని ఎట్ల తెలుస్తది?"

"కింద రాసిన కదా."

"రాత ఎవలు చూస్తరే? నేను కనపడాలె. తియ్యి."

"తీస్తే ఈమెది ఏ ఊరు, ఎవరు అని అడుగుతరు."

"అడగనియ్యి. నీకు నోరు లేదా?"

పిల్ల ముసుగు చెరిపింది. దాని కింద ముక్కు లేదు, మూతి లేదు. మొహమే గీయలే.

నేను కుర్చీ కిటికీ కాడికి గుంజుకొని, తలమీది గుడ్డ వెనక్కి జరిపి కూసున్న.

"ముక్కుపుడక మరిచిపోకు."

"కదలకు, నాయినమ్మా."

ముక్కు సన్నగ చేస్తుందేమోనని మళ్లమళ్ల లేచి చూస్తనే ఉన్న.

"కూసో అన్న కదా!"

"నువ్వు సక్కగ గీస్తే నేనెందుకు లేస్తనే?"