కుడివైపు పరుగులు డెబ్భై ఒకటి

ఆ నోటుపుస్తకం ఇప్పటికీ నా దగ్గర ఉంది. నీలం అట్ట, తొంభై ఆరు పేజీలు. అందులో నలభై ఒకటి నిండాయి. మార్చి మొదటి ఆదివారం నుంచి మే మూడో ఆదివారం దాకా మా మనవడి కళాశాల జట్టు ఆరు ఆటలు ఆడింది. ఆ ఆరింటిలో ఆ జట్టు తీసిన ప్రతి పరుగునూ నేను రాసి ఉంచాను.

ఆట అమెరికన్ ఫుట్‌బాల్. ఐర్లండ్‌లో ఫుట్‌బాల్ అంటే జనానికి వేరే ఆటలు గుర్తొస్తాయి. దీన్ని చూడటానికి ఎనభై మందికి మించి రారు, వారిలోనూ సగం మంది ఆటగాళ్ళ ఇళ్ళవాళ్ళే. నియమం సులభమైనది. బంతి చేతికి వచ్చిన జట్టు నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకు వెళ్ళాలి. వెళితే మరో నాలుగు ప్రయత్నాలు దక్కుతాయి, లేకపోతే బంతి అవతలివారిది. అనుమానం వస్తే పది గజాల గొలుసు తెచ్చి నేలమీద పరిచి కొలుస్తారు. మా గుంటూరులో ఇళ్ళస్థలాలు నేటికీ గజాల్లోనే అమ్ముతారు కనుక ఆ కొలత నాకు కొత్త కాదు. గొలుసు వేసి తీర్పు చెప్పే ఆటమీద మొదటిరోజే నాకు గౌరవం కలిగింది.

మా అమ్మాయి పోర్ట్‌లీష్ ఆసుపత్రిలో నర్సు. నేను ఆమె ఇంట్లోనే ఉంటున్నాను. అంతకుముందు లీక్స్‌లిప్‌లోని కంప్యూటర్ చిప్పుల కర్మాగారంలో, కొలతల విభాగంలో పదిహేడేళ్ళు పనిచేశాను. మనవడికి ఇరవై ఒకటో ఏడు. రోజూ రైల్లో డబ్లిన్ వెళ్ళి చదువుకునేవాడు. అదే వాడి కళాశాల చివరి సంవత్సరం, అంటే జట్టులోనూ చివరిదే. ఆదివారాలు మా అమ్మాయికి తెలుగు ప్రార్థన కూటం ఉంటుంది, లేకపోతే డ్యూటీ ఉంటుంది. కనుక ఆటకు తోడు వెళ్ళే పని నాకు వచ్చింది. మొదటి ఆటకే మడతకుర్చీ, పెన్ను, నోటుపుస్తకం తీసుకువెళ్ళాను. ఊరికే కూర్చోవడం నాకు అలవాటు లేదు.

ఆ జట్టులో బంతిని దూరంగా, గురిగా విసరగలవాడు లేడు. అందుచేత వాళ్ళ కోచ్ పది ప్రయత్నాల్లో ఎనిమిది సార్లు బంతిని ఒకడి చేతికిచ్చి పరిగెత్తించేవాడు. ముందు ఐదుగురు దిట్టమైనవాళ్ళు వరసగా నిలబడి అవతలివారిని నెడతారు, వారు తెరిచిన సందులోంచి ఒకడు బంతితో దూరతాడు. అలా ఒకసారి దూరితే నా పుస్తకంలో ఒక పరుగు. ఆ ఐదుగురిలో మధ్యవాడికి అటొకడూ ఇటొకడూ ఉండేవాళ్ళను గార్డులంటారు. మా మనవడు ఎడమ గార్డు, చొక్కామీద అరవై నాలుగు. మూడేళ్ళలో వాడు బంతిని ఒక్కసారి కూడా ముట్టుకోలేదు. ఆ సంగతి వాడే చెప్పాడు, అందులో వాడికి చింత ఉన్నట్టు కనిపించలేదు.

కోచ్ పగలు బడిలో చరిత్ర చెప్పే ఐరిష్ మనిషి, నలభై దాటినవాడు. రెండో ఆట విరామంలో నా కుర్చీ వెనక నిలబడి పుస్తకంలోకి తొంగిచూశాడు. ప్రతి పరుగుకూ ఒక వరస ఉంది. ఎన్నో ప్రయత్నం, బంతి ఎటు వెళ్ళింది, ఎన్ని గజాలు వచ్చాయి, నేల తడిగా ఉందా పొడిగా ఉందా అన్నవి నాలుగు గడులు. ఇక్కడివారి అలవాటు ప్రకారం ఆయన నన్ను పేరు పెట్టే పిలిచి, ఇంతకాలం ఎక్కడ ఉన్నారని అడిగాడు. అంతవరకు ఆ జట్టులో ఎవరూ లెక్క రాయలేదట. నాలుగు ఆటలు పూర్తయ్యాక మొత్తం పట్టిక ఇవ్వమన్నాడు.

ఏప్రిల్ మూడో వారంలో ఇచ్చాను. ఒకటే కాగితం. మొత్తం పరుగులు నూట పద్దెనిమిది. కుడివైపు డెబ్భై ఒకటి, మూడు వందల ఎనభై మూడు గజాలు, సగటున ఐదు పాయింట్ నాలుగు. ఎడమవైపు నలభై ఏడు, నూట ఇరవై రెండు గజాలు, సగటున రెండు పాయింట్ ఆరు. కూడికలు మూడుసార్లు సరిచూశాను. ఎడమవైపు నిలబడినవాడు నా మనవడని తెలిసే ఇచ్చాను. తెలిసి దాచితే అది కొలత అనిపించుకోదు.

ఆ గురువారం సాధనకు వెళ్ళివచ్చి మనవడు భోజనాల దగ్గర చెప్పాడు. తన స్థానంలోకి మరొకడిని తీసుకున్నారు. కొత్తవాడు వీడికన్నా ఇరవై కిలోలు ఎక్కువ. ఎడమవైపు బలహీనంగా ఉందని పట్టిక చెబుతోంది కనుక అక్కడ బరువు పెంచాలని కోచ్ నిర్ణయించాడట.

మా అమ్మాయి కడిగిన గ్లాసులు ప్రెస్‌లో, అంటే వంటింటి అలమరలో, సర్దుతూ నా వైపు తిరిగింది.

"ఆట చూట్టానికి పోయినోడివి చూసి రావచ్చుగా నాన్నా. ఆ పుస్తకం ఎవరు తీయమన్నారు నిన్ను? సొంత మనవడి చోటుకే ఎసరు పెట్టావు."

నేను జవాబు చెప్పేలోగా వాడే అందుకున్నాడు. వాడికి తెలుగు అంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం సగం ఇంగ్లిష్‌లోనే వస్తుంది.

"ఇట్స్ గ్రాండ్, మమ్. తాతయ్య నంబర్స్ ఎప్పుడూ రైటే. ఐ మస్ట్ బీ బ్రూటల్ అట్ ఇట్, అంతే."

ఇక్కడివాళ్ళ వాడుకలో గ్రాండ్ అంటే పరవాలేదని, బ్రూటల్ అంటే బొత్తిగా చేతకాకపోవడం. ఆ మాట వాడు కోపంతో అనలేదు. లెక్క వచ్చింది కాబట్టి ఒప్పుకున్నట్టు అన్నాడు. మూడేళ్ళు ఆడినవాడు తన పనిమీద తనకున్న అంచనాను నా ఒక్క కాగితం చూసి మార్చుకున్నాడు. పట్టిక సరైనదైతే అది న్యాయమే. సరైనదనే ఆ రోజు నేను నమ్మాను.

ఐదో ఆటకు వాడు మైదానం అంచున నీళ్ళసీసాల పక్కన నిలబడ్డాడు. నేను ఎప్పటిలాగే రాశాను. అవతలివారు బంతిని నాలుగుసార్లు జారవిడిచినందువల్ల మన జట్టు గెలిచింది, ఆఖరి పోటీకి చేరింది. గెలిచిన జట్టును ఏ కోచ్ అయినా ఎందుకు మారుస్తాడు? చివరి ఆటలో మనవడికి చోటు లేదని అందరికీ తెలిసిపోయింది.

సోమవారం ఉదయం ఆ ఆట లెక్క తేల్చాను. ఎడమవైపు పద్నాలుగు పరుగులు, ముప్పై ఆరు గజాలు, సగటు మళ్ళీ రెండు పాయింట్ ఆరు. ఇరవై కిలోలు అదనంగా వచ్చినా అంకె కదలలేదు. కుడివైపు ఇరవై పరుగులు, యాభై ఎనిమిది గజాలు, సగటు రెండు పాయింట్ తొమ్మిది. అంటే మార్పు ఎడమవైపు చేస్తే సగటు కుడివైపు పడిపోయింది.

కర్మాగారంలో కొత్తగా చేరినవారికి నేను మొదట చెప్పే సంగతి ఒకటి ఉండేది. లోపం ఏ యంత్రం దగ్గర కనిపించిందో ఆ యంత్రాన్ని వెంటనే నిందించకూడదు. చిప్పులు తయారయ్యే సిలికాన్ పలక అంతకుముందు ఏయే యంత్రాలు దాటి వచ్చిందో వెనక్కి వెళ్ళి చూడాలి. పదిహేడేళ్ళు చెప్పిన మాట అది. లోపానికి పాటించాను కాని, కుడివైపు గజాల్లాంటి లాభానికి కూడా అదే పాటించాలని నాకు తోచలేదు.

జట్టులో ఒకరు నిచ్చెన ఎక్కి ఫోనుతో ఆటలన్నీ వీడియో తీసేవారు. మనవణ్ణి అడిగి అవి తెప్పించుకున్నాను. మంగళవారం, బుధవారం కూర్చుని కుడివైపు పరుగులు డెబ్భై ఒక్కటీ ఒక్కొక్కటిగా చూశాను. ఈసారి బంతిని చూడలేదు, అరవై నాలుగును చూశాను.

బంతి కదలగానే వాడు తన ఎదుటివాణ్ణి వదిలి, ఒక అడుగు వెనక్కి వేసి, వరస వెనకగా కుడివైపుకు పరిగెడుతున్నాడు. బంతి పట్టినవాడికన్నా ముందు సందులోకి వెళ్ళి, అక్కడ ఎదురొచ్చే మొదటి మనిషిని పక్కకు తోస్తున్నాడు. వెనకవాడు ఆ ఖాళీలోంచి వెళుతున్నాడు. డెబ్భై ఒకటిలో యాభై రెండు సార్లు ఇలా జరిగింది. ఆ యాభై రెండింటికి మూడు వందల ఇరవై ఎనిమిది గజాలు, సగటు ఆరు పాయింట్ మూడు. వాడు కదలని పందొమ్మిదింటికి యాభై ఐదు గజాలు, సగటు రెండు పాయింట్ తొమ్మిది. వాడు లేని ఐదో ఆటలోనూ అదే రెండు పాయింట్ తొమ్మిది.

నా కూడికల్లో తప్పు లేదు. గడిలో ఉంది. బంతి ఎటు పోయిందో రాశాను, దారి ఎవరు తీశారో రాయలేదు. వాడి గజాలన్నీ కుడివైపు నిలబడినవాళ్ళ ఖాతాలో వేశాను.

సాయంత్రం వాడు రైలు దిగి ఇంటికి రాగానే కాగితం ముందు పెట్టాను. నా మొదటి పట్టిక తప్పని చెప్పాను. వాడు చాలాసేపు చదివాడు.

"కోచ్‌కి ఇది తెలుసు కదా తాతయ్యా. ఆ ప్లే గీసిందే ఆయన."

"గీశాడు. ఆ ఎత్తులో ఎవరు పరిగెత్తినా ఒకటే అనుకున్నాడు. నీకూ తెలుసు కదా, మరి నువ్వెందుకు చెప్పలేదు?"

"యూ హాడ్ నంబర్స్," అన్నాడు వాడు. "నా దగ్గర ఏమీ లేవు."

గురువారం వాడితోపాటు సాధనకు వెళ్ళి కొత్త కాగితం కోచ్ చేతికిచ్చాను. మొదటిది ఎందుకు తప్పో రెండు వాక్యాల్లో చెప్పాను. ఆయన మైదానం మధ్య నిలబడి చదివి, తను చరిత్ర చెప్పేవాడు గనుక అంకెలు చూస్తే ఎదురు అడిగే ధైర్యం తనకు ఉండదని, అందుకే అప్పుడు అడగలేదని అన్నాడు. తప్పులో సగం తనదని కూడా అన్నాడు. అయినా కొత్తవాడికి మాట ఇచ్చాడు కనుక ఆట అతనితోనే మొదలుపెడతానని, విరామం తరవాత చూస్తానని చెప్పాడు. మాట తప్పమని నేను అడగలేదు.

మే మూడో ఆదివారం. పొడి నేల, గాలి పడమటినుంచి. మొదటి సగంలో కుడివైపు తొమ్మిది పరుగులకు ఇరవై గజాలు వచ్చాయి. కొత్తవాడు బలవంతుడే, కాని అతను నెమ్మదిగా సందు దగ్గరికి చేరేసరికి బంతి పట్టినవాడు రెండుసార్లు అతని వీపుకే గుద్దుకున్నాడు. విరామం తరవాత అరవై నాలుగు లోపలికి వచ్చింది. ఆ సగంలో వాడు పదకొండు సార్లు కుడివైపుకు దారి తీశాడు. పదకొండింటికి యాభై ఎనిమిది గజాలు, సగటు ఐదు పాయింట్ మూడు. జట్టు మూడు పాయింట్ల తేడాతో ఓడింది. మరో పది నిమిషాలు ఉంటే అన్నవాళ్ళు ఉన్నారు. దానికి నా దగ్గర లెక్క లేదు.

తిరుగు రైల్లో వాడు ఎదురుగా కూర్చుని పుస్తకం అడిగి తీసుకున్నాడు. ఆ రోజుకు ఐదో గడి గీశాను, దారి తీసినవాడి సంఖ్యకు. వాడు ఒక్కో వరసమీదా వేలు పెట్టి చదువుతూ వచ్చి ఒకచోట ఆగాడు. మూడో ప్రయత్నం, కుడివైపు, పద్నాలుగు గజాలు, అరవై నాలుగు.

"ఇది నాది కాదు తాతయ్యా."

వాడు అక్కడికి చేరాడు కదా, నేను చూశాను కదా అన్నాను.

"చేరాను. బట్ ఐ మిస్‌డ్ మై మ్యాన్. బంతి పట్టినవాడే వాణ్ణి తప్పించుకుని వెళ్ళాడు. తీసెయ్."

ఆ వరస తీసేస్తే పది పరుగులకు నలభై నాలుగు గజాలు, సగటు నాలుగు పాయింట్ నాలుగుకు దిగుతుంది. ఆ సంగతి వాడికి చెప్పాను. వాడు పెన్ను కోసం చేయి చాపాడు. దిద్దవలసి వస్తే చెరపకూడదని, పాత అంకె కనిపించేలా ఒక్క గీత మాత్రమే కొట్టి పక్కన సంతకం పెట్టాలని చెప్పాను. వాడు అలాగే గీత కొట్టాడు. పక్కన వాడు పొట్టి సంతకం పెట్టాడు, దాని కింద నేను పెట్టాను. రైలు పోర్ట్‌లీష్ చేరేలోగా సగటు తిరిగి వేశాను.