వినిపించిందా, బావగారూ?

మా బావమరిదికున్న జబ్బు ఒక్కటే: సంగీతం వాయించే కీబోర్డు ఎక్కడ కనిపించినా, దాన్ని తన అరచేతి కంప్యూటర్‌కు తగిలించనిదే అతనికి మనశ్శాంతి ఉండదు. లినక్స్‌తో నడిచే ఆ యంత్రం సబ్బుపెట్టె కన్నా పెద్దది కాదు. దాని తీగలకు మాత్రం ఒక భుజసంచీ కావాలి. తగిలించి, మెట్టు నొక్కి, అందరి ముఖాలూ చూసి, "వినిపించిందా?" అంటాడు. న్యాయంగా చెప్పాలంటే, దాదాపు ఎన్నడూ వినిపించేది కాదు.

"తీగ పెట్టాక పాట రావాలి కదోయ్?" అన్నాను ఒకసారి.

"మిడి తీగలో పాట ఉండదు బావగారూ. ఏ మెట్టు నొక్కారో, ఎంత గట్టిగా నొక్కారో, ఆ కబురే ఉంటుంది. మోగించే పని కంప్యూటర్‌ది."

"మరి మోగించదేం?"

"అది ఇంకా కీబోర్డును గుర్తుపట్టలేదు."

"నిన్నైనా గుర్తుపడుతుందా?"

"అప్పుడప్పుడూ."

పరామర్శకు వెళ్లిన ఒక ఇంట్లో, మూలన గుడ్డ కప్పిన కీబోర్డు అతని కంటపడింది. పోయిన పెద్దాయనను తలచుకుని అందరూ తలలు వంచుకుని ఉండగా సంచీ విప్పాడు. ఆ ఒక్కసారీ యంత్రం గుర్తుపట్టింది. అయితే పియానోకు బదులు డ్రమ్ములు మోగించింది. "వినిపించిం..." అనబోయి, నా ముఖం చూసి మానుకున్నాడు. అప్పటినుంచి అతను వస్తున్నాడంటే, కుక్క వస్తోందని చెప్పులు దాచినట్టు, బంధువులు కీబోర్డులు దాచేవారు.

మా ఇంట్లో ఆ అవసరం లేకపోయింది; మా కీబోర్డు జోలికి మాత్రం అతను వచ్చేవాడు కాదు. అతని అక్క, అంటే నా భార్య, పక్షవాతం వచ్చేదాకా పిల్లలకు కీబోర్డు నేర్పేది. తరువాత కుడిచేతి వేళ్లు కదిలాయి గాని, వాటిలో బలం రాలేదు. తాను నొక్కిన స్వరం తన చెవికే ఆనకపోవడంతో మూత వేసి, "పాతసామాన్ల అతనికి ఇచ్చేయండి" అంది. ఆపైన కిటికీ వైపు తిరిగి పడుకునేది. ఆ గదిలో ఫ్యాను తిరిగే చప్పుడు తప్ప మరొకటి ఉండేది కాదు. నేను నెలల తరబడి దాటవేశాను. ఆమె పట్టుబట్టాక కబురు చేయక తప్పలేదు.

పాతసామాన్ల అతను రావలసిన రోజున బావమరిది ముందే దిగాడు. అక్కను లేపి కూర్చోబెట్టి, ఒళ్లో కీబోర్డు పెట్టి, తీగ తగిలించి, యంత్రాన్ని దిండు మీద ఉంచాడు.

"ఒక్క మెట్టు నొక్కక్కా."

"నా వేళ్లలో ఏముందిరా, వదిలెయ్."

"ఉన్నంత చాలు."

ఆమె కుడిచేతి చిటికెనవేలు ఆనించింది. గది నిండా స్వరం మోగింది. ఆమె ఉలిక్కిపడి వేలు చూసుకుంది. మరొకటి నొక్కింది. కాసేపటికి ఎడమచేయి కూడా వచ్చి కలిసింది.

"వాల్యూమ్ పెంచావా?" అన్నాను.

"పెంచితే ఎడమచేయి అరుస్తుంది బావగారూ. కుడివైపు మెట్ల కబురు మాత్రం దారిలో పట్టుకుని, బలం కలిపి పంపుతున్నా. ఇన్నాళ్లూ ఊళ్లోవాళ్ల కీబోర్డుల మీద చూసుకున్నది ఇదే."

"మన ఇంట్లో ఉంది కదోయ్?"

"ఇక్కడ కుదరకపోతే అక్కకి ఆశపెట్టి వదిలేసినట్టుండేది."

అతని జబ్బు మొదలైంది ఈ మూత పడిన తరువాతేనని నాకప్పుడు తట్టింది.

గుమ్మంలో బెల్లు మోగింది. తలుపు తీస్తే పాతసామాన్ల అతను.

"కీబోర్డేదో ఇస్తామన్నారటండీ."

లోపలినుంచి పాట తడబడుతూ, ఆగుతూ, మళ్లీ మొదలవుతూ వస్తోంది.

"వినిపించిందా?" అన్నాను నేను.

"వినిపించిందండీ," అని అతను చేతిలోని గోనెసంచీ మడిచి, "పోనీ, పాత పేపర్లేమన్నా ఉన్నాయా?" అన్నాడు.