సౌండు కట్టేసి చూసే బొమ్మల సినిమాలు

బొమ్మల సినిమాలు పిల్లలకా, పెద్దవాళ్ళకా అని మా ఇంట్లో జరిగినంత గొడవ ఇంకే ఇంట్లోనూ జరిగి ఉండదు. ఆ గొడవలో ఒక పక్క నేను ఒక్కర్తినే. అవతలి పక్క మా నాన్న, నాలుగో క్లాసు చదివే మా అమ్మాయి. సాయంత్రమైతే చాలు, ఇద్దరూ చెరో కుర్చీ టీవీ ముందుకి లాక్కునేవాళ్ళు. తెర మీద ఒక ఏనుగు తలుపులో ఇరుక్కునేది, దాన్ని లాగబోయిన కోతి వెళ్ళి బురదలో పడేది. వీళ్ళిద్దరూ పొట్టలు పట్టుకుని నవ్వేవాళ్ళు. వంటింట్లోంచి తొంగిచూస్తే నాకు ఒళ్ళు మండిపోయేది.

"డెబ్బై దాటిన మనిషివి, ఏంటి నాన్నా ఇది?" అని అరిచేదాన్ని. ఆయన తల తిప్పేవాడు కాదు.

నా కోపానికి కారణం ఉంది. మా నాన్న మామూలు ప్రేక్షకుడు కాదు, సినిమా పిచ్చోడు. శ్రీకాకుళం నుంచి భిలాయి వచ్చి ఉక్కు ప్లాంటులో క్రేన్ ఆపరేటరుగా చేరిన కొత్తలో, పక్క ఊరు దుర్గ్‌లో తెలుగు సినిమా ఆడుతోందని తెలిస్తే డ్యూటీ దిగి అటునుంచి అటే సైకిలు తొక్కేవాడట. మా చిన్నప్పుడు మమ్మల్ని కూడా తీసుకెళ్ళేవాడు. ఇంటికొచ్చాక అన్నం తింటూ హీరో డైలాగు, విలన్ డైలాగు, మధ్యలో హీరోయిన్ తల్లి ఏడుపు, అన్నీ తనే చెప్పేవాడు. అమ్మ కంచంలో చారు పోసి గరిటె పట్టుకుని అలాగే నిలబడి వినేది.

అలాంటి మనిషి సినిమాకి రావడం మానేశాడు. ఒకసారి మోకాళ్ళ నొప్పన్నాడు. ఇంకోసారి ఏసీ పడదన్నాడు. మరోసారి "ఇప్పటి సినిమాల్లో ఏటుందమ్మా, సొల్లు" అని కొట్టిపారేశాడు. పోనీ అది ఒక్కటే అయితే సరే అనుకుందును. ప్లాంటు కాలనీ రుఆబాంధాలో మా క్వార్టరు ఎదురుగా ఉన్న అరుగు మీద రిటైరైన వాళ్ళంతా చేరి పొద్దు గుంకేదాకా కబుర్లాడతారు. అక్కడికీ వెళ్ళడం మానేశాడు. ఏమైనా అడిగితే "ఊఁ" అని ఊరుకునేవాడు. అమ్మ పోయిన దిగులేమో అనుకున్నాం. కారణం ఏదైనా, మా మధ్యే కూర్చుని మాకు కాకుండా పోతున్నాడని నాకు భయంగా ఉండేది. ఆయన్ని ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి మళ్ళీ సినిమా హాల్లో కూర్చోబెడితే పాత నాన్న తిరిగొస్తాడని నాకో నమ్మకం. బొమ్మల సినిమాల మీద నా పగ అందుకే. అవి మా నాన్నని ఎత్తుకుపోయాయని నా లెక్క.

ఇక్కడ మా ఇంటి పద్ధతి ఒకటి చెప్పాలి. మా ఇంట్లో టీవీకి సౌండు ఉండదు. ప్లాంటు ఇళ్ళలో ఇది వింత కాదు. నైట్ షిఫ్టు చేసొచ్చిన మనిషి పగలు పడుకుంటాడు. ఆ మనిషి లేచేదాకా కుక్కరు కూత పెట్టదు, కాలింగ్ బెల్ మోగదు, పిల్లలు మునివేళ్ళ మీద నడుస్తారు. నా చిన్నప్పుడు నాన్న పడుకుంటే మేము సౌండు కట్టేసి టీవీ చూసేవాళ్ళం. ఇప్పుడు మా ఆయనదీ షిఫ్టు డ్యూటీయే. అందుకే నాన్న సౌండు కట్టేసి టీవీ చూస్తుంటే అది మర్యాద అనుకున్నాం. "మావయ్యకి నా నిద్ర మీద ఎంత శ్రద్ధో" అని మా ఆయన పదిమందికీ చెప్పుకుని మురిసిపోయేవాడు.

కిందటి శీతాకాలంలో స్కూలు సెలవులకి మాల్‌లో ఒక ఎలుగుబంటి బొమ్మల సినిమా వచ్చింది. హిందీలో. మా అమ్మాయి పట్టుపట్టింది. "తాత వస్తేనే నేనొస్తా మమ్మీ, పక్కా."

"తాత రాడే, ఆయనకి మోకాళ్ళ నొప్పి" అన్నాను.

అది తాత ఎదురుగా వెళ్ళి నిలబడింది. ముఖంలో ముఖం పెట్టి, ఒక్కో మాటా విడదీసి చెప్పింది. "తాతా, కార్టూన్ పిక్చర్. బడా పర్దా, పెద్ద తెర. చలో నా!"

నాన్న దాని నోటికేసే చూశాడు. "బొమ్మల్దేనా? మనుసులు ఉండరు గదా?" అని అడిగాడు. ఉండరని తల ఊపింది. "అయితే ఎల్దాం పద" అన్నాడు.

నాకు ఎంత ఉక్రోషం వచ్చిందో చెప్పలేను. పెద్ద పెద్ద హీరోల సినిమాలకి బతిమాలినా కదలని మనిషి, ఎలుగుబంటి సినిమా అనేసరికి ఇస్త్రీ చొక్కా తొడిగాడు. తల నున్నగా దువ్వాడు. ఆటోలో నెహ్రూ నగర్ దాటేదాకా నేను మాట్లాడలేదు. మాట్లాడలేదన్న సంగతి వాళ్ళిద్దరూ గమనించనేలేదు.

హాల్లో అమ్మాయి మధ్యలో కూర్చుంది, అటు తాత, ఇటు నేను. నిద్రపోదామని ముందే అనుకున్నాను. ఇంట్లో ఎలాగూ దొరకని నిద్ర, చల్లగా, చీకటిగా ఉంది. సినిమా మొదలైంది. కొండ మీద ఇంట్లో ఒంటరిగా ఉండే ఒక ముసలి ఎలుగుబంటి. దానికి ఎవరూ గిట్టరు. పొగగొట్టంలోంచి ఎగరడం రాని ఒక పిట్టపిల్ల వచ్చి దాని పులుసులో పడుతుంది. అది మొదలు ఆ ఎలుగుకి నిద్ర లేదు, నాకూ లేదు. తేనె కుండలో మూతి ఇరుక్కుని అది ఇల్లంతా గుద్దుకుంటూ తిరుగుతుంటే నేను నవ్వు ఆపుకోవాలని చున్నీ నోట్లో కుక్కుకున్నాను. ఆగలేదు. బయటికి తన్నుకొచ్చింది. మా ముందు వరసలో పిల్లలెవరూ లేకుండా వచ్చిన ఒక పెద్ద జంట ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి నవ్వుతున్నారు. ఇక నాన్న సంగతి సరేసరి. ఎలుగు ఇంకా పడకముందే, పడబోతోందని కనిపెట్టి, హాలంతటికంటే ముందు నవ్వుతున్నాడు. సినిమా హాల్లో ఆ నవ్వు విని ఎన్నాళ్ళయిందో.

ఆ తర్వాత అడవిలో పంచాయితీ. గుడ్లగూబలన్నీ కొమ్మల మీద చేరి, పిట్టపిల్ల ఎవరి దగ్గర ఉండాలని వాదించుకోవడం మొదలుపెట్టాయి. మాటలే మాటలు. నేను నాన్నకేసి చూశాను. ఆ నవ్వు ముఖం ఒక్కసారిగా ఖాళీ అయిపోయింది. అరుగు మీదికి వెళ్ళడం మానేసిన ముఖం అదే. అయిపోయింది, ఇక "ఇంటికి ఎల్దాం" అంటాడు అనుకున్నాను.

అప్పుడు తెర వెలుతుర్లో మా అమ్మాయి చెయ్యి కనిపించింది. తాత ఒళ్ళో పెట్టి కదిలిస్తోంది. గుడ్లగూబని చూపించింది. వేలు కిందికి పెట్టి గుండ్రంగా తిప్పింది. పిట్టని చూపించి, చెయ్యి చాచి, అరచెయ్యి నేలకేసి పెట్టి అటూ ఇటూ ఊపింది. నాన్న తల ఊపాడు. ఆయన ముఖం మళ్ళీ వెలిగింది.

ఆ సైగలు నాకు తెలుసు. క్రేన్ సైగలు. ప్లాంటు మోతలో పైన కేబిన్లో కూర్చున్న మనిషికి కిందివాడి మాట వినపడదు. కింద ఒకడు నిలబడి చేతితో చెబుతాడు. వేలు పైకెత్తి తిప్పితే ఎత్తు, కిందికి తిప్పితే దించు, అరచెయ్యి ఊపితే ఆపు. మా చిన్నప్పుడు నాన్న మాకు అది ఆటగా నేర్పాడు, ఇప్పుడు దీనికీ నేర్పాడన్నమాట. అంటే గుడ్లగూబ పిట్టని కొండ దించెయ్యమంటోంది, పిట్ట ఆగమంటోంది.

"ఏంటే అది?" అని అమ్మాయి చెవిలో అడిగాను.

"తాతకి వినపడదు కదా మమ్మీ" అంది, తెర మీంచి కళ్ళు తిప్పకుండా. "నీకు మాలూమ్ లేదా?"

"ఎప్పట్నుంచి?"

"బహుత్ దినోం సే. ఎవరికీ చెప్పొద్దన్నాడు. నేను చెప్పలేదు, నువ్వే చూశావు."

గుడ్లగూబలు ఏమని తీర్పు చెప్పాయో నాకు తెలియదు. మా ఆయన డ్యూటీలో ఉన్న సాయంత్రాలు కూడా మా టీవీ సౌండు లేకుండానే నడిచింది. ఇంకో ఊళ్ళో అయితే ఎవరో ఒకరు రెండో రోజే అడిగేవాళ్ళు. మేము షిఫ్టు ఇంటివాళ్ళం, మెచ్చుకున్నాం. నాన్న బొమ్మలు ఎందుకు చూసేవాడో కూడా అప్పుడే అర్థమైంది. వాటికి ఒళ్ళంతా నోరే. సౌండు కట్టేసినా వాటి కథ ఆగదు.

సినిమా చివర్లో ఎలుగు ఆ పిట్టకి ఎగరడం నేర్పుతుంది. అంత పెద్ద ఎలుగు మొద్దు మీదికెక్కి, చేతులు రెక్కల్లా ఆడించి దూకుతుంది. దబ్బున పడుతుంది. మళ్ళీ ఎక్కుతుంది. ఒక్క మాట లేదు. అది పడినప్పుడల్లా పిల్లలంతా విరగబడి నవ్వారు. పెద్దవాళ్ళం మాత్రం, నేర్చుకున్నాక ఆ పిట్ట వెళ్ళిపోతుందని తెలిసి కూడా ఎలుగు దూకుతుంటే చూస్తూ, ముక్కులు ఎగబీల్చాం. ఒకే బొమ్మ, ఒకే హాలు. ముందు వరస పెద్దాయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. నాన్న తుడుచుకోనైనా లేదు, అలాగే కారనిచ్చాడు. అంతసేపూ వినాల్సింది ఏమీ లేదు, చూడటమే. హాలంతా నాన్నతో సమానంగా కూర్చున్నాం.

లైట్లు వేశారు. జనం లేచి పాప్‌కార్న్ డబ్బాలు తొక్కుకుంటూ వెళ్తున్నారు. మామూలుగా అయితే "నాన్నా, పద!" అని కేక పెట్టేదాన్ని. ఈసారి ఆయన ఎదురుగా వెళ్ళి నిలబడి, చెవి చూపించి, ఏంటిది అన్నట్టు చెయ్యి తిప్పాను.

నాన్న మనవరాలి వంక గుర్రుగా చూశాడు. "సెప్పీసినావేటే గుంటా?"

"నహీ తాతా, కసమ్ సే! మమ్మీ చూసేసింది!"

ఆయన ఖాళీ తెరకేసి తిరిగాడు. "అరుగు కాడ ఆళ్ళు జోకులేసి నవ్వుతారమ్మా" అన్నాడు. "నానూ నవ్వీవోణ్ణి. ఓపాలి ఎవులో పోయినారని సెప్తంటే కూడా నవ్వినాను. మరింక ఎల్నేదు."

చెవికి మిషను పెట్టించుకుందామని సైగ చేశాను. ఆయన చెయ్యి చాచి, అరచెయ్యి నేలకేసి ఊపాడు. ఆపు. అంతలోనే నవ్వాడు. "సర్లే, అదీ సూద్దాం. ముందు వచ్చే ఆదివారం ఏటాడతాదో సూడు. మనుసుల్దైనా పర్నేదు. గుంట అటు కూకుంటాది, నువ్విటు కూకో."

వేలు పైకెత్తి గుండ్రంగా తిప్పాను. నాన్న నా వేలికేసి చూసి లేచాడు.