మూడో వరుసలో 2.4

ఆ రోజు సంగారెడ్డిలో డాక్టర్ గదిలో ఉన్నవి వరుసగా రాస్తాను. డాక్టర్. మా వదిన. మండుటెండల్లో ఆమె వేసుకున్న స్వెటర్. నేను. బల్ల మీద నీలి అట్ట నోట్‌బుక్. అందులో మూడో వరుసలో నేను రాసిన ఒక అంకె. ఆ అంకె బరువు రెండేళ్లుగా మోస్తున్నాను. ఎవరికీ చెప్పలేదు. మీరు నన్ను ఎరగరు కాబట్టి మీతో మొదలుపెట్టడం కాస్త తేలిక.

వదినకు పాశమైలారంలో ఫ్యాక్టరీల దారిలో టిఫిన్ బండి ఉంది. బండి కంటే ఆమె గొంతుకే పేరెక్కువ. "దో ప్లేట్ ఇడ్లీ, చట్నీ జాదా!" అని కేకేస్తే లారీ హారన్లను దాటుకుని మా ల్యాబ్ కిటికీ దాకా వస్తుంది. నేను ఆ దారిలోనే ఒక మందుల ఫ్యాక్టరీలో నాణ్యత పరీక్షలు చేస్తాను.

ఆమెకు గుండె లయ తప్పే జబ్బు. దానికి రోజూ ఒక మాత్ర. ఆ మాత్ర కొందరిలో థైరాయిడ్‌ను దెబ్బతీస్తుందని, ఆరు నెలలకోసారి రక్తపరీక్ష తప్పనిసరని డాక్టర్ ముందే చెప్పారు. టీఎస్‌హెచ్ అనే అంకె బాగా పెరిగితే థైరాయిడ్ మందగించినట్టు. ఆ బాధ్యత నేనే అడిగి తీసుకున్నాను. స్కేలుతో గీతలు కొట్టి పట్టిక వేశాను. నోట్‌బుక్‌కు దారం కట్టి బండి మేకుకు తగిలించాను. మొదటిసారి 2.1 వచ్చింది. రెండోసారి 2.6.

మూడోసారి పరీక్ష చేయించలేదు. 2.4 అని రాశాను.

ఎందుకు రాశాను? మా ఫ్యాక్టరీలో తనిఖీ జరిగిన వారం అది. ఆరు రోజులు ఇతరుల రికార్డుల్లో తప్పులు వెతికి, ఆదివారం వదినను రక్తపరీక్షకు తీసుకెళ్లాల్సింది పోయి నిద్రపోయాను. గడి ఖాళీగా ఉంటే నాకు చూడబుద్ధి కాదు. ఇప్పటికి నింపుదాం, వచ్చే వారం నిజంగా చేయిద్దాం అనుకున్నాను. పాత రెండు అంకెల సగటు 2.35. సవరించి 2.4 చేశాను. అనుమానం రాకుండా ఉండాలంటే ఎలాంటి అంకె వేయాలో కూడా ఆలోచించానన్నమాట. అదే పని ఫ్యాక్టరీలో చేస్తే ఆ సాయంత్రమే గేటు బయట ఉండేవాణ్ణి. ఇంట్లో నన్ను తనిఖీ చేసేదెవరు?

వచ్చే వారం ఎప్పటికీ రాలేదు. వదిన మాత్రం నెమ్మదించింది. ముఖం ఉబ్బింది. ఎండలోనూ చలి అనేది. గొంతు బొంగురుపోయి, పిలుపు రోడ్డు దాటక, గరిటెతో పళ్లెం మీద కొట్టి జనాన్ని పిలిచేది. "ఏం వదినా, నీ బ్యాచ్ రోజూ లేటే" అని వెక్కిరించింది కూడా నేనే. ఆ తర్వాతే డాక్టర్ దగ్గరికి వెళ్లాం.

"థైరాయిడ్ రిపోర్టు కాగితం ఏదమ్మా?" అన్నారాయన.

"గీ బుక్కుల ఉన్నది సార్. ఇగ కాగితం ఎందుకు? మా మరిది రాసిండంటే మిషను రాసినట్టే. నేనేసే ఉప్పు గూడ తూకం పెట్టి సూస్తడు, పాగల్‌గాడు."

డాక్టర్ నవ్వారు. వదిన నా వైపు తిరిగింది. "ఏం సైంటిస్టూ, కరెక్టే గద?"

"కరెక్టే వదినా."

అంకెను తొందరలో రాశానని చెప్పుకోవచ్చు. ఈ మాటకు ఏ తొందరా లేదు. నోరు తెరిచి అన్నాను. థైరాయిడ్ కాదనుకున్న డాక్టర్ రక్తం తక్కువగా ఉందని ఇనుము మాత్రలు రాశారు. వాటితో నాలుగు నెలలు పోయాయి. బండి అమ్మేద్దామని మా అన్న కొనేవాణ్ణి కూడా చూశాడు.

ఒక పొద్దున వదిన గరిటె పట్టుకునే కూర్చుని నిద్రపోయింది. ఇడ్లీ గిన్నెలో నీళ్లు ఇంకి మాడువాసన. స్టవ్ ఆర్పి, ఆమెను బైక్ ఎక్కించుకుని నేరుగా రక్తపరీక్షకు తీసుకెళ్లాను. సాయంత్రం వచ్చిన అంకె 68. గుండె మాత్ర వల్లేనని, ఇంత త్వరగా పెరిగిందేమిటని డాక్టర్ ఆశ్చర్యపోయారు. త్వరగా పెరగలేదని తెలిసినవాణ్ణి ఆ గదిలో నేనొక్కణ్ణే. రిపోర్టు మడిచి జేబులో పెట్టుకున్నాను.

ఆ తర్వాతదంతా పండగే. గుండె మాత్ర ఆపకుండా, దానికి తోడు పరగడుపున ఇంకో చిన్న మాత్ర ఇచ్చారు. వేసుకున్నాక అరగంట దాకా చాయ్ తాగకూడదు. మూడు వాయిల ఇడ్లీ దిగేదాకా చాయ్ లేదని లెక్క కట్టాను. వదిన నన్ను తిట్టుకుంటూ మూతలెత్తి చూసేది. మొదట ముఖం వాపు తగ్గింది. తర్వాత స్వెటర్ పెట్టెలోకి పోయింది. ఒక రోజు ల్యాబ్‌లో పరీక్షనాళిక పట్టుకుని ఉండగా కిటికీలోంచి వినిపించింది: "చట్నీ జాదా!" నాళిక స్టాండులో పెట్టి మెట్లు దిగి పరుగెత్తాను. బండి దగ్గర ఫ్యాక్టరీల్లో పనిచేసే ఒడియా కుర్రాళ్లు చప్పట్లు కొడుతున్నారు. నేనూ కొట్టాను. ఇంత సంతోషం నాకు చెల్లుతుందా? తెలియదు. అయినా కొట్టాను. 68 తర్వాత 21, 7.2, 3.1.

మా పనిలో ఒక పద్ధతి ఉంది. తప్పు రాస్తే చెరపకూడదు, దాని మీద దిద్దకూడదు. పాత అంకె కనిపించేలా ఒకే ఒక గీత గీసి, పక్కన కారణం, సంతకం, తేదీ పెట్టాలి. ఇవాళ పొద్దున బండి దగ్గర నిలబడి మూడో వరుసలో ఆ గీత గీశాను. పక్కన రాశాను: "పరీక్ష చేయించలేదు. ఊహించి రాశాను. డాక్టర్ ముందు కరెక్టే అన్నాను." సంతకం, తేదీ పెట్టాను.

"మల్ల ఏం బరుకుతున్నవ్ రా?" అంది వదిన, మూడో వాయి దించుతూ.

"నువ్వే చదువు వదినా."

"రష్ తగ్గినంక సూస్తతీ. ముందు తిను."

నోట్‌బుక్ మేకుకు తగిలించాను. చదివాక ఏమంటుందో తెలియదు. ప్లేటు లాక్కున్నా లాక్కుంటుంది. కానీ ఆకలి వేసింది, రెండు ప్లేట్లు తిన్నాను.

ఆ పట్టికలో ఇప్పటికి ఏడు అంకెలున్నాయి. నిజమైనవి ఆరు.