అమ్మకు బడిలో ఇచ్చిన బిళ్ళ

దొరికిందండీ, మా అమ్మ వెండిబిళ్ళ ఇవాళ నా పాత బహ్రెయిన్ పెట్టె అస్తరులో దొరికింది. ఆనందం పట్టలేకపోతున్నాను.

మన ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, శుక్రవారం పూజపళ్ళెంలో పసుపు పూసి పెట్టే ఇంగ్లీషు రాజు బొమ్మ రూపాయి. మా ఇంట్లోదానికి కొక్కెం ఉండేది. "బడిలో ఇచ్చారు" అనేది అమ్మ. "బడిలో రూపాయలు పంచితే మేమూ చదువుకునేవాళ్ళమే వదినా, ఎక్కడ తీశావో చెప్పు" అనేది మేనత్త. అమ్మ బిళ్ళను మళ్ళీ పళ్ళెంలో సర్దుకునేది.

తొంభైల్లో నేను బహ్రెయిన్ వెళ్తుంటే దాన్ని నా చేతిలో పెట్టింది. అక్కడి ముహర్రక్ బజారులో పాత నాణేలమ్మే ముసలాయనకు చూపించాను. భూతద్దం కింద చాలాసేపు తిప్పాడు.

"ఇది రూపాయి కాదు భాయ్."

అమ్మ అబద్ధం చెప్పిందా?

"విలువ ఎక్కడా రాసిలేదు చూడు. కొక్కెం కూడా తర్వాత అతికించింది కాదు. రాజు పట్టాభిషేకానికి బడిపిల్లలకు పంచిన పతకం ఇది. ధర పెద్దగా రాదు, దాచుకో."

తర్వాత అక్కడ మా పనివాళ్ళ క్యాంపు మారినప్పుడు అది కనబడకుండా పోయింది. అది బడిపిల్లల పతకమేనన్న నా నోటిమాట ఇంట్లో ఎవరూ నమ్మలేదు. ఇప్పుడు చేతిలో ఉంది.

ఇది చదివిన మనవాళ్ళెవరైనా పెద్దక్కకు చెప్పండి, వైజాగ్ చిన్నాన్నకు, బావగారికి చెప్పండి. మేనత్తకు తప్పకుండా చెప్పండి. తొంభై దాటిన అమ్మకు మాత్రం నేనే చెబుతాను, బిళ్ళ చేతిలో పెట్టి.